పగులుతుందా, పగలదా?

(తిరుపతిలో మిద్దెతోటల వాళ్లు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు ఓ రిటైర్డ్ బస్సు కండక్టరు చేసిన ప్రసంగం. రికార్డు చేసి, మాట్లాడింది మాట్లాడినట్టే ఎక్కించాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినపడుతోందా? మైకు అక్కర్లేదులెండి, ముప్ఫై ఏళ్లు డీజిల్ ఇంజను మీద అరిచిన గొంతు ఇది.

ఖర్బూజ గురించి మాట్లాడమని పిలిచారు. ఎకరాకు ఎంత ఎరువు, ఎన్ని టన్నుల దిగుబడి, ఇవన్నీ చెప్పడానికి మన ఊళ్లోనే వ్యవసాయ కాలేజీ ఉంది. వాళ్లు నాకంటే బాగా చెబుతారు. నాకు తెలిసిందల్లా ఒక గింజ కోసం నాలుగేళ్లు తిరగడం. అందులో మూడేళ్లు ఏమని అడగాలో తెలియక పోయినవే.

మా ఊరు స్వర్ణముఖి ఒడ్డున. నా చిన్నప్పుడు ఎండలు ముదిరేసరికి ఏట్లో ఇసుక తేలేది. ఆ ఇసుకలో మోకాలి లోతు గుంటలు తీసి, అడుగున పశువుల పెంట వేసి, దోస పాదులు పెట్టేవాళ్లు. కూరదోస కొన్ని, పండుదోస కొన్ని. ఈ పండుదోసకు ఒక గుణం ఉంది. పండిందంటే ఆగదు. రాత్రి పడుకునేటప్పుడు నున్నగా, లేత పసుపు రంగులో ఉన్న కాయ పొద్దున లేచి చూస్తే నిలువునా మూడు చీలికలుగా పగిలి ఉంటుంది. లోపల తెల్లటి గుజ్జు, ఉడికిన పిండిలాగా. తోలు ఎంత పల్చనంటే గోటితో లాగితే ఉల్లిపొరలా ఊడొచ్చేది. తీపి పెద్దగా ఉండదు. మా అమ్మ బెల్లం తురిమి, ఒక యాలక్కాయ చిదిపి కలిపి గిన్నెల్లో పెట్టేది. ఇక వాసన సంగతి మా బస్సును అడగాలి. ఎవరైనా పగిలిన పండును ఎండుగడ్డితో చుట్టి, నారతో కట్టి బుట్టలో పెట్టుకుని ఎక్కితే, దిగిపోయాక కూడా రెండు స్టేజీల దాకా బస్సులో ఆ వాసనే.

అమ్మ పోయింది. ఏటి సాగు పోయింది. గింజ ఎప్పుడు పోయిందో ఇంట్లో ఎవరమూ గమనించలేదు. రిటైరై మిద్దె మీద బకెట్లు పెట్టుకున్నాక గుర్తొచ్చింది.

మా ఇంట్లో దాన్ని ఉత్త 'దోసపండు' అనేవాళ్లం. విత్తనాల షాపుకెళ్లి అదే అడిగాను. పసుపు దోసకాయ ప్యాకెట్ చేతిలో పెట్టారు. పప్పులో వేసుకునేది. "ఇది కాదయ్యా, పండు" అన్నాను. ఖర్బూజ ప్యాకెట్ ఇచ్చారు. "ఇదీ కాదు" అంటే కీరదోస ఇచ్చారు. ఆ అబ్బాయిని అనడానికి ఏమీ లేదు, దోస అన్న మాట అంత పని చేస్తోంది మన భాషలో.

ఇక్కడ ఒక్క నిమిషం కొంచెం చదువు మాటలు. మన పసుపు దోసకాయ, నక్కదోస, వరుగులు పెట్టుకునే బుడంకాయ, జ్యూసు షాపు ఖర్బూజ, మా అమ్మ దోసపండు, ఇవన్నీ ఒకే జాతి. వృక్షశాస్త్రంలో కుకుమిస్ మెలో అంటారు. కీరదోస వేరే జాతి, కుకుమిస్ సటైవస్. పుచ్చకాయ ఇంకా దూరపు చుట్టం, సిట్రులస్. అంటే పేరులో దోస ఉన్న కీరదోస దోస కాదు, పేరులో దోస లేని ఖర్బూజ దోసే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనివల్లే నా పరువు పోయింది.

షాపుల్లో లాభం లేదని మా అబ్బాయి ఫోన్లో వెతికాడు. ఇంగ్లీషులో దీన్ని స్నాప్ మెలన్ అంటారట. ఆ పేరుతో ఆన్‌లైన్లో బుక్ చేశాం. వచ్చిన గింజలకు గులాబీ రంగు పూసి ఉంది. తెగుళ్లు రాకుండా మందు పట్టించిన గింజకు అలా రంగు వేస్తారు. చేత్తో తీశాక చేయి కడుక్కోవాలి, అది వేరే సంగతి. సంక్రాంతి అయ్యాక పెట్టాను. ఏప్రిల్లో కాశాయి, ఒంటినిండా వల అల్లినట్టున్న గుండ్రటి ఖర్బూజలు! బొమ్మ ఒకటి, కాసింది ఒకటి. తియ్యగానే ఉన్నాయి, తిన్నాం. కానీ ఒక్కటీ పగల్లేదు.

అప్పుడు నాకు తెలిసిన పద్ధతిలోకి వచ్చాను. నేను ఎక్కువ కాలం చేసింది తిరుపతి నుంచి చిత్తూరు, పలమనేరు మీదుగా కుప్పం రూటు. కొన్నాళ్లు పుత్తూరు, నగరి వైపు. డిపోలో పాత స్నేహితులను, దారిలో టీకొట్ల వాళ్లను అడగడం మొదలుపెట్టాను. స్టేజీ మారితే టికెట్ రేటు మారినట్టు పండు పేరు మారిపోతూ వచ్చింది. నగరి దాటి అరవం కలిసే ఊళ్లలో 'వెళ్ళరిపళం' అన్నారు. కుప్పం దాటి కన్నడం వైపు పోతే 'కెక్కరికె హణ్ణు'. ఖర్బూజ తమిళంలో 'ములాంపళం', చెన్నై జ్యూసు షాపుల్లో 'కిర్ణి'. పుచ్చకాయ అనంతపురం వైపు 'కలింగర', తమిళంలో 'దర్బూసణి'. మనకిది కొత్తేం కాదు. మామిడినే చూడండి. మన జిల్లాలో తోతాపురి అన్నా, బెంగళూర అన్నా ఒకటే కాయ. కోస్తాకు పోతే అదే కలెక్టర్ కాయ, తమిళనాడులో చిలకముక్కు. బంగినపల్లిని మనం బేనీషా అంటాం. మామిడికాయను మండీలో కళ్లతో చూసి కొంటాం కాబట్టి పేరు ఏదైనా నష్టం లేదు. గింజ అలా కాదు. గింజలన్నీ ఒకటే పోలిక. చూస్తే తెలియదు కాబట్టి పేరును నమ్మాల్సి వస్తుంది. ఆ పేరేమో ఈ టైపు.

ఈ గందరగోళం మన దగ్గరే అనుకునేరు. ఖర్బూజ అన్న మాట పారసీకం. ఉర్దూ మీదుగా మనకొచ్చింది. అదే మాట పడమటికి పోయి టర్కీలో 'కర్పూజ్' అయ్యింది, రష్యాలో 'అర్బూజ్' అయ్యింది. ఆ రెండు చోట్లా దానికి అర్థం పుచ్చకాయ! మాట బండెక్కింది, పండు మధ్య దారిలో దిగిపోయింది. కాంటలూప్ అని సూపర్‌మార్కెట్లలో రాస్తారు చూశారా, అది రోము దగ్గర క్రైస్తవ మతగురువులు పోప్‌లకున్న కంటలూపో అనే చోటు పేరు మీద వచ్చిందంటారు. యూరపులో కాంటలూప్ అంటే నిలువు గాడులు తేలి, వల లేని కాయ. అమెరికాలో కాంటలూప్ అంటే వల ఉన్న కాయ. ఇంటర్నెట్లో ఫొటో చూసి గింజలు తెప్పించేవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. కసాబా అనే రకం టర్కీలో ఒక ఊరి పేరు, హామీ చైనాలో ఇంకో ఊరి పేరు. మన దగ్గర లక్నో సఫేదా ఉంది, పెన్న ఒడ్డున సిద్ధవటం కాయలకు ఒకప్పుడు పేరుండేది. ఈ పేర్లను ఒక వరసలో పెడదామని 1859లో చార్లెస్ నోదాన్ అనే ఫ్రెంచి ఆయన ఖర్బూజలన్నిటినీ పెంచి చూసి పది గుంపులు చేశాడు. ఆ గుంపుల మీద నేటికీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి.

బాబరు సంగతి చెప్పకపోతే ఖర్బూజ ప్రసంగం పూర్తి కాదు. హిందుస్థాన్‌లో మంచి ఖర్బూజ లేదని రాసుకున్నాడాయన. కాబూల్ నుంచి వచ్చిన కాయ కోస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. తర్వాత ఆగ్రాలో తన తోటలోనే పెంచాడనుకోండి. రాజు కాబట్టి గింజ, దాంతోపాటు పెంచే మనిషిని కూడా తెప్పించుకోగలిగాడు. మనకా, ఆన్‌లైన్ ప్యాకెట్.

ఈ ఊరి పేర్ల జాబితా అంతా చూశాక నాకు ఒకటి తట్టింది. ఊరి పేరు పెట్టిన పండు ఆ ఊరు దాటగానే అనాథ. చేసే పనిని బట్టి పేరు పెట్టిన పండు ఏ భాషలోకి పోయినా దొరుకుతుంది. మా అమ్మ పండునే తీసుకోండి. హిందీలో 'ఫూట్', అంటే పగిలేది. ఇంగ్లీషు స్నాప్ అన్నా అదే. మలయాళంలో 'పొట్టువెళ్ళరి', పొట్టడమంటే పగలడమే. కొడుంగల్లూరు పొట్టువెళ్ళరికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వేసవిలో అక్కడ కొబ్బరిపాలు, బెల్లం వేసి తాగుతారు. ఇన్ని భాషలవాళ్లు 'పగులు' అన్న మాట పట్టుకుంటే, నేనేమో షాపు షాపుకీ తిరిగి 'దోసపండు, దోసపండు' అన్నాను.

ప్రభుత్వ రకాల పేర్లు మాత్రం కాస్త క్రమంలో ఉంటాయి. ముందు 'పూసా' అని ఉంటే ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్ఐ, 'అర్క' అని ఉంటే బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్, 'కాశీ' అని ఉంటే వారణాసి కూరగాయల పరిశోధన సంస్థ. పూసా షర్బతి, అర్క జీత్ ఖర్బూజలు. అర్క మాణిక్ పుచ్చకాయ. అన్నట్టు పూసా ఢిల్లీలో ఊరు కాదు, బీహార్లోది. 1934 భూకంపంలో అక్కడి భవనం దెబ్బతింటే 1936లో సంస్థను ఢిల్లీకి మార్చారు. పేరును సామానుతో పాటు సర్దుకుని పోయారు.

సరే, గింజకు వస్తాను. పలమనేరు దాటి లోపలికి, ఊరి పేరు చెప్పను, ఒక అవ్వ దగ్గర ఉండొచ్చని పాత డ్రైవరు ఒకాయన చెప్పాడు. వెళ్లాను. ఇంటి ముందు చింతపండు గింజలు కొడుతూ కూర్చుంది.

"ఏం కావల్ల నాయనా?"

"దోసపండు గింజలు అవ్వా."

"ఏ దోస? పగిలేదా, పగలందా?"

నాకు ఒళ్లు ఝల్లుమంది. "పగిలేదే!"

"తొడిమ దానంతట అదే వదులుతాదా, కత్తి పెట్టి కోయల్లనా?"

"వదులుతుంది."

"తోలు గోటికి ఊడొస్తాదా?"

"వస్తుందవ్వా."

మూడే ప్రశ్నలు. అన్నేళ్లలో ఒక్క షాపువాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అవ్వ ఒక్కసారి కూడా పండు పేరేమిటని అడగలేదు చూడండి.

రెండో ప్రశ్న గురించి ఒక మాట. శ్రీకాళహస్తి పోయే భక్తులకు మృత్యుంజయ మంత్రం నోటికి వచ్చు కదా. 'ఉర్వారుకమివ బంధనాత్'. పండిన దోసపండు తొడిమ నుంచి విడివడినట్టు మమ్మల్ని విడిపించు అని మనవాళ్లు అర్థం చెబుతారు. ఇది ఋగ్వేదం ఏడో మండలంలోది. అంటే ఈ తొడిమ వదలడం అనే లక్షణాన్ని అప్పటినుంచే గమనిస్తున్నారు. ఇవాళ మార్కెట్ యార్డులో ఖర్బూజ కోసేవాళ్లూ అదే చూస్తారు, తొడిమ చుట్టూ గీత పడిందా, తాకితే వదులుతోందా అని. అన్ని ఖర్బూజలూ వదలవు. హనీడ్యూ రకాలు పండినా తీగను పట్టుకునే ఉంటాయి, వాసన కూడా అంతంతే. కత్తి పెట్టాల్సిందే. ఆ వేదమంత్రం హనీడ్యూకు పనికిరాదన్నమాట.

అవ్వ లేచి చూరు కింద గోడకు ఎండిపోయి ఉన్న పిడకను ఊడబెరికింది. అరచేతి మందం. విరిచింది. లోపల గింజలు, పేడ రంగు మధ్యలో గోధుమపిండి రంగు. గింజను పేడలో కలిపి గోడకు కొట్టడం మన వైపు పాత అలవాటే, పురుగు చేరదని. మా అమ్మ కూడా అలాగే కొట్టేది, నేనే మరిచిపోయాను. "పది తీసుకో. మల్లేడు ఇరవై తెచ్చియ్యి" అంది. రూపాయి తీసుకోలేదు.

పదిలో ఏడు మొలిచాయి. మే నెలలో ఒక తెల్లవారుజామున మిద్దె మీద ఆ వాసన. పరుగెత్తి చూస్తే బకెట్ అంచు మీద వాలిన కాయ నిలువునా పగిలి ఉంది. ఇంట్లో అందరినీ లేపాను. బెల్లం వేసి గిన్నెలో ఇస్తే మా మనవరాలు రెండు చెంచాలు తిని "తాతా, దీనికి టేస్టే లేదు" అంది. పోనీలెండి.

గింజలు కడిగి, ఎండబెట్టి, ఇరవై లెక్కపెట్టి పట్టుకెళ్లి అవ్వకు ఇచ్చాను. మాట నిలబెట్టుకున్నానని ఛాతీ విరుచుకుని వచ్చాను. మరుసటి ఎండాకాలం వెళితే అవ్వ నన్ను చూడగానే అంది: "ఏంది నాయనా, నా బిడ్డను తీస్కపోయి ఎవరి బిడ్డనో తెచ్చిచ్చినావు?"

కాయలు చూపించింది. పసుపు చారలు, గట్టి తోలు, పగలవు, వాసన లేదు. కోస్తే పులుపు. కూరకూ రావు, పండుకూ రావు.

ఏం జరిగిందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నా మిద్దె మీద దోసపండు బకెట్ పక్కనే పప్పు దోసకాయ పాదు. రెండూ ఒకే జాతి అని ఇందాక చెప్పానే. తేనెటీగకు మన పేర్లతో పనిలేదు. దోసకాయ పుప్పొడి తెచ్చి దోసపండు పిందెకు అంటించింది. ఆ ఏడాది నేను తిన్న పండు మాత్రం అవ్వ పండే, తల్లి తీగను బట్టే కాయ ఉంటుంది. మారింది లోపలి గింజ. అందుకే ఆ ఏడు మోసం బయటపడలేదు. పక్కన గుమ్మడి పాదు ఉంటే ఖర్బూజ చప్పబడుతుందని కొందరు అంటారు, అది వట్టిది. కీరదోసతోనూ, పుచ్చతోనూ, గుమ్మడితోనూ దోస కలవదు. కీరకు క్రోమోజోములు 14, పుచ్చకు 22, దోస, ఖర్బూజలకు 24. లెక్కే కలవదు. కలిసేవి దోసలు, ఖర్బూజలు, నక్కదోస, బుడంకాయ, వాటిలో వాటికే. బుడంకాయ కలిస్తే చేదు కూడా రావచ్చు.

అందుకని ఇప్పుడు నేను చేసేది చెబుతాను, మిద్దె మీద చోటు లేనివాళ్లకు ఇదే దారి. సాయంత్రం ఐదింటికి మొగ్గలు చూడండి. ఆడపువ్వు కింద వేలి కొసంత పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉండదు. రేపు విచ్చుకునే మొగ్గకు కొస పసుపెక్కి ఉబ్బి ఉంటుంది. అలాంటి ఆడమొగ్గకు ఒకటి, మగమొగ్గలకు రెండు మూడు, చిన్న కాగితం సంచులు తొడిగి దారంతో వదులుగా కట్టండి. కొన్ని తీగల్లో పిందె ఉన్న పువ్వులోనే పుప్పొడి కూడా ఉంటుంది. అప్పుడు ఆ సాయంత్రమే మొగ్గను మెల్లగా విప్పి పుప్పొడి తిత్తులు గిల్లేయాలి. నాకు చత్వారం, ఆ పని మా ఆవిడ చేస్తుంది. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, మధ్య కాడను ఆడపువ్వు లోపల మెత్తగా రాయండి. మళ్లీ సంచి. తొడిమకు ఎర్రదారం. ఆ ఎర్రదారం కాయ పూర్తిగా పండేదాకా ఇంట్లో ఎవరూ తాకకూడదు, ఎంత బతిమాలినా. నేను ఐదు పువ్వులకు చేస్తే ఒకటో రెండో నిలుస్తాయి. టెన్షన్ పడకండి, ఒక్క కాయ నిలిస్తే వందల గింజలు.

గుజ్జుతో సహా గింజల్ని ఒక రోజు గిన్నెలో నానేయండి. మర్నాడు పిసికి కడిగితే జిగురు పోతుంది. తేలినవి పారేయండి, మునిగినవి ఉంచుకోండి. పాత గుడ్డ మీద నీడన ఆరబెట్టాలి. పేపరు మీద వేస్తే అతుక్కుని చస్తాయి. తర్వాత బూడిదతో సీసాలోనో, అవ్వలాగా పిడకలోనో, మీ ఇష్టం. ఒక జాగ్రత్త. ఎఫ్-1 హైబ్రిడ్, అంటే రెండు రకాలను కలిపి పుట్టించిన మొదటి తరం గింజ, ఆ ప్యాకెట్ కొని దాని కాయ గింజ దాచుకుంటే మరుసటేడు తల్లికి తండ్రికి తాతకు ఎవరికో పోతుంది. అది కంపెనీ మోసం కాదు, హైబ్రిడ్ గుణమే అంత.

పేరు పోయినా గింజ ఎంత దూరం పోగలదో ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. 1925లో అమెరికాలో, కాలిఫోర్నియా ఇంపీరియల్ లోయలో ఖర్బూజ తోటలకు బూడిద తెగులు పట్టింది. ఆకుల మీద పిండి చల్లినట్టు. మందులు కాదు, తట్టుకునే తీగ కావాలని వెతికారు. మన దేశం నుంచి వెళ్లిన గింజల్లో ఆ గుణం దొరికింది. అక్కడ దానికి ఊరూ పేరూ లేదు, కాలిఫోర్నియా 525 అని నంబరు. దానితో కలిపి 1936లో పీఎంఆర్ 45 అనే రకం వదిలారు. తర్వాత ఎన్నో ఏళ్లు ఆ లోయలో అదే పంట. ఇక్కడ ఏ అవ్వ గోడ నుంచో, ఏ సంత బుట్ట నుంచో బయల్దేరిన గింజ అది.

చట్టం సంగతి ఇందాక ఒకాయన బయట అడిగారు. 2001లో వచ్చిన మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన గింజను దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు వేసి అమ్మకూడదు, అంతే. పాత రకాల గింజలను సర్కారు తరఫున ఢిల్లీలో ఎన్‌బీపీజీఆర్ అనే జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ దాస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్లో వాళ్ల కేంద్రం ఉంది.

బల్ల మీద కవర్లు చూశారుగా. ఇరవై రెండున్నాయి, కవరుకు పది గింజలు. ఎర్రదారం కాయవే అన్నీ. కవరు మీద పేరు రాయలేదు. 'పగులుతుంది. తొడిమ వదులుతుంది. తోలు గోటికి ఊడుతుంది. సంక్రాంతి తర్వాత పెట్టాలి' అని రాశాను. తీసుకున్నవాళ్లు మరుసటేడు ఇరవై తెచ్చి ఈ బల్ల మీదే పెట్టాలి. నలభై గింజలు ముందే అవ్వకు పంపించాను, ఈసారి బిడ్డ సరైనదేనని కబురొచ్చింది.

ఏవమ్మా, చేయెత్తారు? మీ మిద్దె మీద నక్కదోస ఉందా? ఎన్ని పాదులు? అయితే మీరు కవరుతో పాటు ఈ కాగితం సంచులు కూడా తీసుకెళ్లండి.